‘ఇది ప్రకటన’ అని తెలుగులో చెప్పండి

జిల్లా ఎడిషన్ డెస్కులో నేను చేరిన కొత్తల్లో, మా షిఫ్టుకు పెద్దగా ఉన్న సీనియర్ సబ్ ఎడిటర్ ఒకాయన పేజీలు ప్రింటుకు వెళ్లే ముందు ఒక్క పని మాత్రం ఎవరికీ అప్పగించేవారు కాదు. వార్తలా కనిపించే ప్రతి ప్రకటన మీదా పెన్ను ఆనించి, పై మూలన ‘ప్రకటన’ అనే మాట పడిందో లేదో స్వయంగా చూసుకునేవారు. ర్యాంకుల సీజన్‌లో కోచింగ్ సెంటర్ల అరపేజీలు, పండగల ముందు బట్టల దుకాణాల కథనాలు, కొత్తగా తెరిచిన ఆసుపత్రి డాక్టరుగారి ఇంటర్వ్యూ... అన్నీ వార్తల అచ్చులోనే, వార్తల కాలమ్ కొలతలోనే వచ్చేవి. ఆ నాలుగక్షరాలు లేకపోతే పేజీ వెనక్కి వెళ్లేది. యాడ్ విభాగం నుంచి ఫోను వచ్చేది, పార్టీ నొచ్చుకుంటున్నారు, కాస్త చిన్న అక్షరాల్లో వేయండి అని. ‘‘చదివేవాడికి తెలియాలి కదా బాబూ, ఇది మనం చెబుతున్నామా, వాళ్లు చెప్పిస్తున్నారా అని’’ అనేవారాయన. అక్షరాల సైజు మీద బేరం నడిచేది గానీ, అసలు మాటే తీసేయడం మీద బేరం ఉండేది కాదు.

ఇప్పుడు చేతిలో ఫోను తెరవండి. ‘‘హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు’’ అని పలకరిస్తూ ఒకావిడ వంటింట్లో నిలబడి పులిహోర కలుపుతుంటుంది. తాలింపు వేస్తూ ఫలానా నూనె వాడుతున్నానని, అత్తగారికి కొలెస్ట్రాల్ తగ్గిందని చెబుతుంది. చెప్పే తీరు పక్కింటి అక్కయ్య తీరు. ఆ నూనె కంపెనీ ఆవిడకు ఎంత ఇచ్చింది, ఆ మాటలు ఆవిడవా, ఏజెన్సీ పంపిన స్క్రిప్టులోవా అన్నది వీడియోలో ఎక్కడా ఉండదు. ఉంటే, ‘మరింత’ అని నొక్కితే తప్ప కనిపించని చోట, ఇరవై హ్యాష్‌ట్యాగుల చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుగా నక్కి ఉంటుంది. మా పెద్దాయన ఎర్రసిరా అక్కడిదాకా చేరలేదు.

ప్రజా సంబంధాల రంగంలో, సోషల్ మీడియా మార్కెటింగ్‌లో కొత్త పోకడలు ఏమిటని అడిగితే చాలామంది కృత్రిమ మేధ గురించి, పొట్టి వీడియోల గురించి, డేటా గురించి చెబుతారు. అవన్నీ నిజమే. నాకు కనిపించే పెద్ద మార్పు మాత్రం వేరు. ఒకప్పుడు సంస్థలు స్థలాన్ని కొనుక్కునేవి: పత్రికలో కాలమ్ సెంటీమీటర్లు, రేడియోలో సెకన్లు, జాతీయ రహదారి పక్కన హోర్డింగు. ఇప్పుడవి ఒక మనిషి మీద జనానికున్న నమ్మకాన్ని కొంటున్నాయి. స్థలం కొన్నప్పుడు గీత కంటికి కనిపించేది. నమ్మకం కొన్నప్పుడు గీత కనిపించదు, కనిపించకూడదన్నదే ఆ కొనుగోలులోని షరతు. తెలుగు నేల మీద ఈ షరతుకు ఎంత మూల్యం చెల్లించామో గత కొన్నేళ్లలో చూశాం. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఆ నమ్మకం ఎలా పుట్టిందో గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే అది అబద్ధంతో పుట్టలేదు. గుంటూరు జిల్లాలో నూరేళ్లు దాటిన మస్తానమ్మ పొలం గట్టున కట్టెల పొయ్యి పెట్టి, పుచ్చకాయ డొప్పలో కోడికూర వండితే ప్రపంచం నలుమూలలా చూశారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు, ఎన్నడూ ఆమెను కలవనివాళ్లు సొంత నాయనమ్మ పోయినట్టు బాధపడ్డారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో ‘మై విలేజ్ షో’ కుర్రాళ్లు ఊరి కథలు తీస్తూ గంగవ్వను కెమెరా ముందుకు తెచ్చారు. పెద్దగా చదువుకోని ఆ కూలి మనిషి 2020లో బిగ్‌బాస్ ఇంటి దాకా వెళ్లింది. ఆమె యాసను సరిదిద్దమని ఎవరూ అడగలేదు, ఆ యాసే ఆమె బలం. అదే ఏడాది జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. కొద్ది రోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది. ఆటో నడిపేవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, డిగ్రీ మధ్యలో ఆపేసిన కుర్రాళ్లు అక్కడికి తరలివచ్చారు. సినిమాలోగానీ టీవీలోగానీ తమలాంటి ముఖం చూడని లక్షల మందికి తొలిసారి తమ మాట, తమ వాకిలి తెర మీద కనిపించాయి. ఆ ఆనందంలోంచి పుట్టిన నమ్మకం అది.

మార్కెట్ దాన్ని గుర్తించడానికి ఎంతో కాలం పట్టలేదు. ఈ వ్యాపారంలో వెయ్యి నుంచి పదివేల దాకా ఫాలోయర్లు ఉన్నవాళ్లను నానో అంటారు, లక్ష లోపువాళ్లను మైక్రో అంటారు. ఒక సినిమా తారకు ఇచ్చే సొమ్ముతో ఇలాంటి చిన్నవాళ్లను వందల మందిని కుదుర్చుకోవచ్చు. తార చెబితే జనం చూస్తారు, చిన్నవాళ్లు చెబితే జనం వింటారు. డబ్బే ఇవ్వాలని లేదు. ఉచితంగా ఒక చీర, ఒక మిక్సీ, రిసార్టులో రెండు రాత్రుల బస ఇస్తే అది ‘బార్టర్’. వీడియో కింద పెట్టిన కూపన్ కోడ్‌తో ఎవరైనా కొంటే ప్రతి కొనుగోలు మీదా కమిషన్ వస్తుంది. ఏజెన్సీ పంపే సూచనల్లో తరచుగా ఉండే మాట ఒకటి: యాడ్‌లా అనిపించకూడదు, మీరు మామూలుగా మాట్లాడినట్టే ఉండాలి. యాసనూ, చనువునూ, పిల్లాడి అన్నప్రాశన వీడియోనూ కలిపి కొనేసే మాట ఇది.

ఫాలోయర్ల సంఖ్య సరుకుగా మారాక దాన్ని పెంచుకోవడానికి మనుషులు ఎంతకైనా దిగుతారు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరొకరి ఒంటికి అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశాన్ని కలవరపెట్టింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువ ఇంజినీరును పట్టుకున్నారు. ఆమె పేరిట నడుపుతున్న అభిమాన పేజీకి ఫాలోయర్లను పెంచుకునేందుకే ఆ వీడియో చేశాడని పోలీసులు చెప్పారు. పగ లేదు, బెదిరింపు లేదు, కావలసింది ఆ అంకె. తాను అభిమానించే మనిషి పరువునే ఆ అంకె కోసం పణంగా పెట్టగలిగాడన్న అభియోగం ఈ వ్యాపారం గురించి చాలా చెబుతుంది.

ఈ దారి ఎక్కడికి తీసుకుపోయిందో బెట్టింగ్ యాప్‌ల వ్యవహారంలో చూశాం. దాని గురించి కాస్త వివరంగానే మాట్లాడుకోవాలి.

తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది. అంటే ఈ రెండు రాష్ట్రాల్లో ఆ యాప్‌లకు పత్రికలో ప్రకటన ఇవ్వడానికి దారి లేదు, హోర్డింగు పెట్టడానికి వీల్లేదు. అవి ఎంచుకున్న దారి మనుషులు. తమ బైకులు, కార్లు, కొత్త ఐఫోన్లు చూపించి లక్షల్లో ఫాలోయర్లను సంపాదించిన కుర్రాళ్లు ఫోను తెర రికార్డు చేసి, వెయ్యి పెడితే నిమిషాల్లో పదివేలైనట్టు చూపించేవారు. వాళ్లు ఆడుతున్నది చాలాసార్లు డెమో ఖాతా, అందులో ఓటమి ఉండదు. ‘‘నేను ఆడుతున్నా తమ్ముడూ, లింక్ బయోలో ఉంది’’ అనేవారు. లింకు టెలిగ్రామ్ గ్రూపులోకి దారి తీస్తుంది, గ్రూపులో ‘గెలిచిన’వాళ్ల స్క్రీన్‌షాట్లు వరుసగా పడుతుంటాయి. ఇలాంటి ఒప్పందాల్లో కొన్నిటి లెక్క మరీ ఘోరం. లింకు ద్వారా చేరినవాడు పోగొట్టుకున్న డబ్బులో ఇంత వాటా అని ప్రచారం చేసినవాడికి ముడుతుంది. చెల్లెలి ఫీజు డబ్బు పోగొట్టుకున్న పిల్లాడి నష్టం, అతను అన్నా అని పిలిచేవాడికి ఆదాయం.

పోయిన ప్రాణాల లెక్క నేనిక్కడ చెప్పబోవడం లేదు. పోలీసు స్టేషన్ల ఎఫ్‌ఐఆర్‌లలో, జిల్లా పేజీల్లో లోపలి సింగిల్ కాలమ్ వార్తల్లో అవి ఉన్నాయి. అప్పటి తెలంగాణ ఆర్టీసీ ఎండీ వి.సి. సజ్జనార్ 2025 తొలి నెలల్లో ఇదే సోషల్ మీడియాలో బెట్టింగ్ యాప్‌లకు వద్దు చెప్పమని ప్రచారం మొదలుపెట్టాక విషయం ముందుకొచ్చింది. ఆ ఏడాది మార్చిలో పంజాగుట్ట పోలీసులు 11 మంది ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, మియాపూర్ పోలీసులు సినిమా నటులు సహా 25 మంది మీద కేసులు పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ప్రకటించింది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కూడా రంగంలోకి దిగింది. నటుల్లో కొందరు తాము ప్రచారం చేసింది చట్టం అనుమతించిన నైపుణ్య క్రీడకేనని, ఆ ఒప్పందం ఎప్పుడో ముగిసిందని వివరణ ఇచ్చారు. ఎవరి బాధ్యత ఎంతో తేల్చవలసింది న్యాయస్థానాలు. ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధించింది. వాటికి ప్రకటన చేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా అంది.

చట్టం వచ్చింది కాబట్టి సమస్య తీరిందనుకోవడం పొరపాటు. బెట్టింగ్ యాప్‌లు పట్టుబడ్డాయంటే అవి అమ్మిన సరుకు నేరం కాబట్టి. అమ్మిన పద్ధతి ఇంకా అలాగే ఉంది. అదే కుర్రాడు, అదే చనువు, అదే ‘లింక్ బయోలో ఉంది’. సరుకు మాత్రం మారుతోంది: బరువు తగ్గించే పొడి, జుట్టు మొలిపించే నూనె, మూడు నెలల్లో ఉద్యోగమిప్పించే కోర్సు, అయిదు నిమిషాల్లో అప్పు, నగరం అంచున ప్లాటు.

ప్లాటు దగ్గర ఆగుదాం, ఎందుకంటే తెలుగువాడు జీవితకాలపు పొదుపును పెట్టేది అక్కడే. హైదరాబాద్ చుట్టుపక్కల ‘ప్రీ లాంచ్ ఆఫర్’ వీడియోలు చూడనివారు ఉండరు. డ్రోన్ కెమెరా పైనుంచి చూపిస్తుంది, కింద ఖాళీ నేల. పక్కనే వస్తుందంటున్న రోడ్డు, రాబోతుందంటున్న కంపెనీ, ‘ఈ వారం బుక్ చేసుకుంటే’ సగం ధర. మా బంధువుల్లో ఒకాయన రిటైరయ్యాక వచ్చిన సొమ్ములో పెద్ద భాగం ఇలాంటి వీడియో చూసే కట్టారు. పేరు చెప్పను గానీ ఆ సంస్థ ఆఫీసుకు ఇప్పుడు తాళం. ‘‘ఆ అబ్బాయి వీడియోలు మూడేళ్లుగా చూస్తున్నాను, అబద్ధం చెప్పేవాడిలా లేడు’’ అన్నారాయన నాతో. బిల్డర్ని ఆయన ఎన్నడూ చూడలేదు. నమ్మింది వీడియో కుర్రాణ్ని.

చట్టం ఇక్కడ స్పష్టంగానే ఉంది. రెరా చట్టం, 2016లోని సెక్షన్ 3 ప్రకారం నమోదు కాని ప్రాజెక్టును అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడమూ కుదరదు. తప్పితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా. ఆ చట్టంలోనే ‘రియల్ ఎస్టేట్ ఏజెంట్’ నిర్వచనం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఏ మాధ్యమం ద్వారానైనా కొనేవారిని, అమ్మేవారిని కలిపి ప్రతిఫలం తీసుకునేవారు అందులోకి వస్తారు. బుకింగుకు ఇంత అని కమిషన్ తీసుకుంటూ వీడియోలు చేసేవారు ఈ నిర్వచనం నుంచి ఎలా బయటపడతారో నాకు అర్థం కాదు. వాళ్లను ఏజెంట్లుగా నమోదు చేయించి, వీడియోలో ప్రాజెక్టు రెరా నంబరుతో పాటు తమ నంబరు కూడా చూపించాలని రెండు రాష్ట్రాల రెరా సంస్థలు పట్టుబట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదాన్ని చదివితే చాలు.

ఇదంతా ఇంటర్నెట్ తెచ్చిన పాపమని అనుకునేవారికి వంద ఏళ్ల వెనకటి రెండు ఘటనలు చెప్పాలి. 1906లో అమెరికా బొగ్గు గనుల వివాదంలో యజమానుల తరఫున పనిచేసిన ఐవీ లీ పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. తాము రహస్యంగా వార్తలు నాటే సంస్థ కాదని, ఎవరి తరఫున మాట్లాడుతున్నారో దాచబోమని, చెప్పినదాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చని అందులో ఉంది. ప్రజా సంబంధాల వృత్తి తనకు తాను రాసుకున్న తొలి నియమం అది. 1929 ఈస్టర్ రోజున న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించి నడిచారు. స్త్రీ స్వేచ్ఛకు చిహ్నంగా ఆ సిగరెట్లను ‘స్వేచ్ఛా కాగడాలు’ అన్నారు. పత్రికలు వార్త రాశాయి. ఆ నడక వెనక అమెరికన్ టొబాకో కంపెనీకి పనిచేస్తున్న ఎడ్వర్డ్ బెర్నేస్ ఉన్నాడన్నది ఆ పూట చూసినవారికి తెలియదు. ఒకే వృత్తికి చెందిన ఈ ఇద్దరిలో ఈనాటి ఇన్‌ఫ్లుయెన్సర్ మార్కెటింగ్ ఎవరి వారసత్వమో వేరే చెప్పాలా? మన దేశంలో ఈ వృత్తివాళ్లు ప్రజా సంబంధాల దినోత్సవాన్ని ఏటా ఏప్రిల్ 21న జరుపుకుంటారు. లీ రాసినదాన్ని ఆ రోజు సభల్లో ఒకసారి బిగ్గరగా చదివితే బాగుంటుంది.

నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. ప్రకటనల రంగం స్వయంగా ఏర్పాటు చేసుకున్న ఆస్కీ అనే మండలి 2021 జూన్ నుంచి ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు పెట్టింది. పదిహేను సెకన్లలోపు వీడియోలో ప్రకటన అన్న గుర్తు కనీసం మూడు సెకన్లు కనిపించాలి, రెండు నిమిషాల దాకా ఉంటే నిడివిలో మూడోవంతు సేపు ఉండాలి. ఆ మండలికి శిక్షించే అధికారం లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. 2019 నాటి వినియోగదారుల చట్టం సెక్షన్ 21 కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకు ముఖం ఇచ్చినవారికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఏడాది నుంచి మూడేళ్ల దాకా ప్రకటనల్లో కనిపించకుండా నిషేధించవచ్చు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బే కాదు, ఉచిత వస్తువులు, ప్రయాణాలు, డిస్కౌంట్లు, చివరికి కుటుంబ సంబంధం ఉన్నా చెప్పాలి. వీడియోలో రాతలోనూ మాటలోనూ రెండింటా చెప్పాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేయకూడదు.

2024 మే 7న ఆయుర్వేద మందుల ప్రకటనల కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే ప్రముఖులు, ఇన్‌ఫ్లుయెన్సర్లు కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనలకు సమాన బాధ్యులేనంది. ఆ ధర్మాసనంలోని జస్టిస్ హిమా కోహ్లి అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారే. షేర్ల సలహాలిచ్చే ‘ఫిన్‌ఫ్లుయెన్సర్ల’ మీద సెబీ కూడా పగ్గాలు బిగించింది.

ఇన్ని నియమాలున్నా మన వీడియోల్లో గుర్తు ఎందుకు కనిపించదు? అమలు చేసేవారి కొరత ఒక కారణం. నాకు మరో కారణం కనిపిస్తుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు. అది భాష. వీడియో మొత్తం తెలుగు. పలకరింపు తెలుగు, సామెత తెలుగు, ‘నమ్మండి అక్కా’ తెలుగు. డబ్బు తీసుకున్నామని చెప్పవలసిన చోట మాత్రం ఇంగ్లీషు. ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ అన్నది పేరు పక్కన సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. నరసరావుపేటలో కూరగాయలమ్మే మనిషి, నిజామాబాద్‌లో బీడీలు చుట్టే మనిషి దాన్ని చదవరు. చదివినా ‘పార్ట్‌నర్‌షిప్’ అంటే వీళ్లు ఆ కంపెనీలో వాటాదారులు కాబోలు అనుకుంటారు. ‘కొలాబ్’ అంటే ఇంకా నయం, ఏదో స్నేహంలా వినిపిస్తుంది. నమ్మించే మాట జనం భాషలో, హెచ్చరించే మాట జనానికి రాని భాషలో ఉంటే చెప్పినట్టా, దాచినట్టా?

2022 జూన్ నాటి కేంద్ర మార్గదర్శకాలు ప్రకటనలోని గమనిక, ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఉండాలన్నాయి. ఆస్కీ నియమాలు ఇంగ్లీషుకూ వెసులుబాటు ఇచ్చాయి, కాకపోతే సామాన్యుడికి అర్థం కావాలన్న షరతు పెట్టాయి. ఆ షరతును తెలుగుకు వర్తింపజేస్తే జవాబు ఒక్కటే. వీడియో మొదట్లో నోటితో, ‘‘ఈ వీడియో చేయడానికి ఫలానా కంపెనీ నాకు డబ్బిచ్చింది’’ అని చెప్పాలి. తెర మీద ‘ప్రకటన’ అని తెలుగులో, కనిపించే సైజులో ఉండాలి. మనకు ఆ మాట కొత్తగా తయారుచేసుకోవలసిన పని లేదు. పత్రికలు దశాబ్దాలుగా వాడి పాఠకుడికి అలవాటు చేసిన మాట.

పత్రికలు అన్నాను కాబట్టి, మా ఇంటి సంగతి దాచడం న్యాయం కాదు. ఆ నాలుగక్షరాల విలువ మేము కూడా పోగొట్టుకున్న రోజులున్నాయి. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర ప్యాకేజీలు తీసుకుని ప్రచారాన్ని వార్తలుగా అచ్చువేసిన తీరును ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే బయటపెట్టింది, పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా పరిశీలన కూడా చేసింది. తర్వాత ప్రెస్ కౌన్సిల్ తరఫున తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్‌రెడ్డి, పరంజయ్ గుహ ఠాకుర్తా కలిసి 2010లో నివేదిక రాశారు. పేర్లతో సహా ఉన్న ఆ నివేదికను కౌన్సిల్ మొదట పూర్తిగా బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో వెలుగు చూసింది. అప్పటికే పాఠకుడిలో ఏదో విరిగింది. ‘పేపరోళ్లు డబ్బులు తీసుకుని రాస్తారు’ అన్న మాట ఊళ్లో రచ్చబండ మీద మామూలైపోయింది. పత్రిక మీద నమ్మకం జారాకే జనం ‘మనవాడు’ చెప్పే వీడియో వైపు తిరిగారని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడు ఆ మనవాడు కూడా మేము వేసిన తప్పటడుగులోనే అడుగు వేస్తున్నాడు.

రాజకీయ ప్రచారానికి ఈ దారి మరీ అనువైనది. అభ్యర్థుల సోషల్ మీడియా ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ కావాలని, ఖర్చు లెక్కలో చూపాలని ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది. మెటా తన ప్రకటనల గ్రంథాలయంలో రాజకీయ ప్రకటనలకు డబ్బెవరు కట్టారో చూపిస్తుంది. కానీ మీమ్ పేజీ నడిపే కుర్రాడికి నేరుగా ఇచ్చిన డబ్బు ఏ గ్రంథాలయంలోనూ కనిపించదు. ఆ పేజీ నవ్విస్తుంది, మధ్యమధ్యలో ఒక నాయకుణ్ని పొగుడుతుంది, మరొకర్ని తిడుతుంది. ఓటరు దాన్ని సాటి ఓటరు అభిప్రాయంగా తీసుకుంటాడు. మన రెండు రాష్ట్రాల్లో అన్ని పక్షాలూ ఈ రంగానికి నిపుణులను పెట్టుకున్నాయి, ఎవరికీ మినహాయింపు లేదు. ఎన్నికల ఖర్చు పరిశీలకులు టెంట్లనూ కుర్చీలనూ లెక్కపెట్టినంత శ్రద్ధగా ఈ పేజీలను లెక్కపెట్టిన రోజున అసలు ఖర్చు తెలుస్తుంది.

ఇదంతా చదివి ప్రజా సంబంధాల వృత్తే మోసమని ఎవరైనా అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. ఆర్టీసీనే తీసుకుందాం. బస్సు ఆలస్యమైందని ఒక ప్రయాణికుడు ఎక్స్‌లో రాస్తే సంస్థ పేరుతోనే జవాబొచ్చేది. సినిమా డైలాగులతో మీమ్స్ వేసి పెళ్లిళ్లకు బస్సులు బుక్ చేసుకోమనేవారు. నవ్వుతూనే అందరికీ తెలిసేది, ఇది ఆర్టీసీ తన గురించి తాను చెప్పుకుంటోందని. 2021 నవంబరులో ఒక బైక్ ట్యాక్సీ సంస్థ అగ్ర నటుడితో తీసిన ప్రకటనలో ఆర్టీసీ బస్సులను తక్కువ చేసి చూపించారని సంస్థ లీగల్ నోటీసు పంపింది, వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. ఆ గొడవలో తప్పొప్పులు ఎలా ఉన్నా ఒకటి గమనించాలి. అది ప్రకటన అని, ఎవరు డబ్బు పెట్టారో, ఎవరు నటించారో అందరికీ తెలుసు. అందుకే ఆర్టీసీ జవాబు చెప్పగలిగింది, కోర్టును ఆశ్రయించగలిగింది. అదే మాట వందమంది చిన్న ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ సొంత అనుభవంలా చెప్పి ఉంటే ఆర్టీసీ ఎవరికి నోటీసు పంపేది? గుర్తు ఉన్న ప్రకటనతో వాదించవచ్చు. గుర్తు లేని ప్రకటనతో వాదించాలంటే ముందు దాన్ని పట్టుకోవాలి.

వీడియోలు చేసేవాళ్లతో నాకు మాటలు జరుగుతుంటాయి. డబ్బు తీసుకున్నామని చెబితే జనం వీడియో దాటేస్తారని, కంపెనీలు మళ్లీ పిలవవని వాళ్ల భయం. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోను. ఇంట్లో ఆ ఒక్క ఆదాయమే ఉన్నవాళ్లు అందులో ఎందరో ఉన్నారు. అందుకే భారం వాళ్ల మీద ఒక్కళ్ల మీదే పెట్టకూడదు. ఒప్పందపత్రంలో తెలుగు గుర్తు తప్పనిసరి అని కంపెనీ, ఏజెన్సీ రాయాలి. గుర్తు పెట్టనివాడికి ఎక్కువ, పెట్టినవాడికి తక్కువ అనే బేరం అక్కడే ఆగాలి. పోటీదారులందరూ ఒకే నియమం పాటిస్తే, నిజం చెప్పినందుకు ఎవరూ నష్టపోరు.

ఈ పని మొదలుపెట్టడానికి అన్నిటికన్నా తగినవి ప్రభుత్వాలు. ఉత్తరప్రదేశ్ 2024 ఆగస్టులో తెచ్చిన డిజిటల్ మీడియా విధానం కింద, ప్రభుత్వ పథకాల గురించి వీడియోలు చేసే ఇన్‌ఫ్లుయెన్సర్లకు స్థాయిని బట్టి నెలకు 8 లక్షల రూపాయల దాకా చెల్లిస్తారు. ఇలాంటి ఆలోచన మిగతా రాష్ట్రాలకు పాకడానికి ఎంతో కాలం పట్టదు. హైదరాబాద్, విజయవాడల్లోని సమాచార, పౌరసంబంధాల శాఖలు ప్రజాధనంతో ఏ వీడియో చేయించినా, తొలి సెకను నుంచి చివరి సెకను దాకా తెర మీద ‘ప్రభుత్వ ప్రకటన’ అని తెలుగులో ఉంచాలి. ఎవరికి ఎంత ఇచ్చారో ప్రతి మూడు నెలలకూ వెబ్‌సైటులో పెట్టాలి. పత్రికలకిచ్చే ప్రకటనల లెక్క శాసనసభలో అడిగే సభ్యులు ఈ లెక్కనూ వచ్చే సమావేశాల్లోనే అడగవచ్చు.